బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు: మెదడులోని రక్షక కణాల కథ

పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో యాభై దాటినవాళ్లకు ఆ మాట చెవిన పడితేనే పొట్ట బిగుసుకుంటుంది. పొద్దున్నే పెద్దాసుపత్రిలో వరస, రోజుకొక సూది, నిన్నటి వాపు తగ్గకముందే దాని పక్కన ఇవాళ్టిది. నొప్పి సంగతి ఊరందరికీ తెలుసు. ఆ మందు దేనితో చేసేవాళ్లో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. గొర్రె మెదడుతో చేసేవాళ్లు.

హిమాలయాల అంచున కసౌలీలో పనిచేసిన బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ సెంపుల్ 1911లో ఆ పద్ధతి తెచ్చాడు. గొర్రె మెదడులోకి రేబిస్ వైరస్ ఎక్కించేవాళ్లు. అక్కడ అది బాగా పెరిగాక మెదడు తీసి, మెత్తగా నూరి, ఫినాల్‌తో వైరస్‌ను చంపి, ఆ ద్రవాన్ని మనిషికి సూదిమందుగా ఇచ్చేవాళ్లు. అది ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ సూదులు వేయించుకున్నవాళ్లలో కొద్దిమందికి రెండు మూడు వారాల్లోపు కాళ్లు చచ్చుబడేవి. మూత్రం బంధించేది. కొందరికి స్పృహ తప్పేది. రేబిసే వచ్చేసిందని ఇంట్లోవాళ్లు హడలిపోయేవాళ్లు.

అది రేబిస్ కాదు. గొర్రె మెదడులోని పదార్థాన్ని పరాయిదిగా గుర్తుపట్టి దాని మీద కత్తిగట్టిన తెల్లరక్తకణాలు, అచ్చం అలాంటి పదార్థమే ఆ మనిషి మెదడులోనూ వెన్నుపాములోనూ కనిపించేసరికి అక్కడా పడేవి. నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఒకటి ఉంటుంది. దాన్ని అవి ఒలిచేసేవి. 1933లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్, ఆయన సహచరులు ఈ అనుమానాన్ని కోతుల మీద పరీక్షించి చూశారు. వైరస్ ఊసే లేని కుందేలు మెదడు రసాన్ని పదేపదే ఎక్కిస్తే చాలు, కొన్ని కోతులకు పక్షవాతం వచ్చింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బును ప్రయోగశాలలో అర్థం చేసుకోవడానికి ఈనాటికీ వాడుతున్న పద్ధతికి అదే మూలం. మన దేశంలో గొర్రె మెదడు మందు తయారీ 2004 చివరికి గాని ఆగలేదు. ఇప్పుడు వేస్తున్నది ప్రయోగశాలలో పెంచిన కణాల నుంచి తీసిన టీకా. దాన్ని భుజానికో, చర్మం పొరల్లోకో నాలుగైదు మోతాదుల్లో ఇస్తారు. పొట్ట జోలికి ఎవరూ వెళ్లరు.

ఇలా కసౌలీ మందు కళ్లెదుట చూపిస్తున్న సంగతికి పూర్తిగా విరుద్ధమైన పాఠం వైద్య విద్యార్థులు దశాబ్దాలపాటు చదువుకున్నారు. మెదడు రోగనిరోధక వ్యవస్థకు అందని చోటు అన్నది ఆ పాఠం. ఆ నమ్మకానికి బలం ఇచ్చింది 1948లో బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు పీటర్ మెదావర్ చేసిన ప్రయోగం. ఒక కుందేలు చర్మం ముక్కను ఇంకో కుందేలు ఒంటి మీద అతికిస్తే కొద్దిరోజుల్లో ఒళ్లు దాన్ని ఊడగొట్టేస్తుంది. అదే ముక్కను మెదడులో నాటితే జోలికి పోలేదు. ఈ సగం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. రెండో సగాన్ని చాలామంది మరిచిపోయారు. కుందేలు ఒంటి మీద ముందుగా అదే దాత చర్మం అతికించి, తెల్లకణాలకు ఒకసారి రుచి చూపిస్తే, ఆ తర్వాత మెదడులో నాటిన ముక్కకూ దిక్కు లేకుండా పోయింది. అంటే దారి మూసేసి లేదు. అక్కడికి వెళ్లడానికి కారణం కావాలి, అంతే.

బయటి నుంచి వచ్చే కణాల మాట అలా ఉంచితే, మెదడు లోపలే పుట్టుకతో ఉన్నవి కొన్ని ఉన్నాయి. వాటిని మొదట స్పష్టంగా చూసినవాడు స్పెయిన్ దేశస్థుడు పియో దెల్ రియో ఒర్తేగా. ఆయన మాడ్రిడ్‌లో రమోన్ ఇ కహాల్ ప్రయోగశాలలో చేరాడు. నాడీకణాల అధ్యయనానికి 1906లో నోబెల్ పంచుకున్న కహాల్ అప్పటికే ప్రపంచప్రసిద్ధుడు. మెదడులో న్యూరాన్లు ఒకటి, నక్షత్రంలా ఉండే గ్లియా కణాలు రెండు, ఇవి కాక మూడోరకం ఏదో ఉందని కహాల్ కనిపెట్టాడు కానీ, ఆయన రంగులకు అవి సరిగ్గా అంటలేదు. పలచగా కోసిన మెదడు పొరలను ఒర్తేగా వెండి కార్బొనేట్ ద్రావణంలో నానబెట్టి చూశాడు. చిన్న ఒళ్లు, చుట్టూ ముళ్లకంపలా చీలిన సన్నని కొమ్మలు ఉన్న కణాలు సూక్ష్మదర్శినిలో నల్లగా తేలాయి. వాటికి ఆయన పెట్టిన పేరు మైక్రోగ్లియా. దెబ్బ తగిలిన మెదడులో ఇవే కణాలు కొమ్మలు ముడుచుకుని, ఒళ్లు ఉబ్బించుకుని, చచ్చిన కణాల ముక్కల్ని మింగుతూ కనిపించాయి. 1919లో వరసగా వ్యాసాలు అచ్చయ్యాయి.

గురువు చూడలేనిదాన్ని శిష్యుడు చూశాడు. ఏడాది తిరిగేసరికి కహాల్ ప్రయోగశాల తలుపులు ఆయనకు మూసుకుపోయాయి. తర్వాత స్పెయిన్ అంతర్యుద్ధం ఆయన్ని దేశం దాటించింది. పారిస్, ఆక్స్‌ఫర్డ్ తిరిగి బ్యూనస్ ఏరీస్ చేరి, 1945లో పరాయి నేల మీదే కన్నుమూశాడు. ఆయన పేరును నోబెల్‌కు ప్రతిపాదించినా బహుమతి రాలేదు. మెదడు కణాల్లో దాదాపు పదో వంతు ఉండే ఈ మైక్రోగ్లియాను ఆ తర్వాత చాలాకాలం పట్టించుకున్నవాళ్లు తక్కువ. కోసిన మెదడులో అవి కదలకుండా కనిపించేవి గనక, దెబ్బ తగిలేదాకా నిద్రపోతుంటాయనుకున్నారు.

2005లో ఆ నిద్ర కథ చెరిగిపోయింది. జర్మనీలో ఆక్సెల్ నిమ్మర్‌యాన్ బృందం, న్యూయార్క్‌లో మరో బృందం ఎలుకల మెదడును బతికుండగానే చూశాయి. మైక్రోగ్లియా మాత్రమే పచ్చగా మెరిసేలా జన్యువు మార్చిన ఎలుకలవి. పుర్రె ఎముకను అద్దంలా పలచబడేదాకా అరగదీసి, దాని గుండా ప్రత్యేకమైన లేజర్ సూక్ష్మదర్శినితో లోపలికి తొంగిచూశారు. కణం ఒళ్లు ఉన్నచోటే ఉంది, కొమ్మలు మాత్రం క్షణం ఊరుకోలేదు. చాచుకుంటూ, ముడుచుకుంటూ, చుట్టూ తడుముతూనే ఉన్నాయి. ఆ లెక్కన కొన్ని గంటలకొకసారి మెదడంతా తడిమేస్తాయని తేలింది. లేజర్‌తో ఒకచోట చిన్న గాటు పెట్టగానే నిమిషాల్లో చుట్టుపక్కల మైక్రోగ్లియా కొమ్మలన్నీ ఆ వైపు సాగి, గాయం చుట్టూ దడి కట్టేశాయి.

ఇవి పుట్టే తీరూ వింతే. రక్తకణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. మైక్రోగ్లియా అలా కాదు. పిండం ఏర్పడిన తొలిరోజుల్లో పచ్చసొన సంచిలో పుట్టి, అక్కడి నుంచి మెదడుకు వలస వెళ్లి స్థిరపడిపోతాయి. ఫ్లోరాన్ జెనూ బృందం 2010లో ఎలుకల్లో దీన్ని రుజువు చేసింది. ఆ తర్వాత జీవితమంతా అక్కడే తమలో తాము విభజన చెందుతూ నెట్టుకొస్తాయి.

పని లేనప్పుడు ఇవి ఏం చేస్తాయన్న ప్రశ్నకు జవాబు నాడీశాస్త్రజ్ఞురాలు బెత్ స్టీవెన్స్ పరిశోధనలోంచి వచ్చింది. పసిమెదడులో న్యూరాన్ల మధ్య అతుకులు, అంటే సినాప్స్‌లు, అవసరానికి మించి పుడతాయి. ఒత్తుగా మొలిచిన నువ్వుచేనులో మొక్కల్ని పీకి పలచన చేసినట్టు, వాడకం తక్కువున్న అతుకుల్ని తీసేయాలి. తీసేయాల్సిన వాటికి సి1క్యూ, సి3 అనే ప్రొటీన్ల గుర్తు పడుతుందని 2007లో తేలింది. ఒంట్లో బాక్టీరియాను చంపమని చూపించడానికి వాడే గుర్తులు కూడా సరిగ్గా ఇవే. కంటి నుంచి మెదడుకు వచ్చే దారిలో ఆ గుర్తులున్న అతుకుల్ని మైక్రోగ్లియా నిజంగానే మింగుతున్నాయని 2012లో చూపించారు. పిల్లవాడి చూపు కుదురుకోవడం వెనక, నేర్చిన పని నిలబడడం వెనక ఈ కలుపుతీత ఉంది.

అదే చెయ్యి అవసరం లేనప్పుడు కదిలితే? 2016లో ఒకే ఏడాది రెండు జవాబులు వచ్చాయి. అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకల్లో, మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డలు ఇంకా కట్టకముందే, మైక్రోగ్లియా సినాప్స్‌లను తినడం మొదలుపెట్టాయి. సి1క్యూను అడ్డుకుంటే ఆ నష్టం తగ్గింది. రెండోది స్కిజోఫ్రేనియా గురించి. సి4 అనే మరో గుర్తు ప్రొటీన్ జన్యువు కొందరిలో ఎక్కువ చురుగ్గా ఉంటుందని, వాళ్లకు ఆ జబ్బు ముప్పు కొంత ఎక్కువని వేలమంది జన్యువులు పరీక్షించి చెప్పారు. యౌవనంలో మెదడు రెండోసారి పలచబడే వయసులోనే ఈ జబ్బు బయటపడుతుంది గనక ఆ లంకె ఊహకు అందేదే. అది ఒక్కటే కారణమని మాత్రం ఎవరూ అనడం లేదు.

అల్జీమర్స్ దగ్గర ఈ కణాల కథ మరీ మెలిక తిరుగుతుంది. ట్రెమ్2 అనే జన్యువు మైక్రోగ్లియాకు చుట్టూ ఉన్న చెత్తను పసిగట్టే శక్తినిస్తుంది. అందులో ఒకానొక అరుదైన లోపం ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు ఇంచుమించు మూడింతలని 2012 చివర రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. అంటే ఇక్కడ కణాలు అతిగా పనిచేయడం కాదు, చాలినంత చేయకపోవడం ముప్పు. ఒకే జబ్బులో తొలిదశలో అతి, మలిదశలో లేమి. దీన్ని మందుతో సరిదిద్దబోయినవాళ్లకు దెబ్బలు తగిలాయి. అమిలాయిడ్‌కు వ్యతిరేకంగా తయారైన తొలి టీకాను మనుషుల మీద పరీక్షిస్తుంటే, మందు తీసుకున్న 298 మందిలో 18 మందికి మెదడు, దాని పొరలు వాచాయి. 2002లో ఆ పరీక్ష ఆపేశారు. తర్వాత యాంటీబాడీలనే తయారుచేసి ఎక్కించే దారి పట్టారు. అమిలాయిడ్‌కు యాంటీబాడీ అతుక్కుంటే మైక్రోగ్లియా దాన్ని మింగుతాయన్నది లెక్క. లెకానెమాబ్ అనే మందును 1,795 మందిలో ఏడాదిన్నర పరీక్షిస్తే, మతిమరుపు ముదిరే వేగం ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే 27 శాతం తగ్గింది. మందు తీసుకున్నవాళ్లలో ఎనిమిదింట ఒకరికి మెదడు స్కానింగ్‌లో వాపు కనిపించింది. జబ్బు తగ్గిందని కాదు, నెమ్మదించిందని అర్థం. పత్రికల్లో పెద్దక్షరాల శీర్షికలు చూసి ఇంట్లో పెద్దవాళ్లకు ఆశపెట్టేముందు ఈ తేడా గుర్తుంచుకోవడం మంచిది.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన మెదడువాపు జ్వరంలోనూ ఈ కణాల పాత్ర ఉంది. వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ, పందుల్లో వృద్ధి చెందే వైరస్, పదిహేనేళ్లలోపు పిల్లలు. భారతదేశంలో ఈ జపనీస్ ఎన్‌కెఫలైటిస్ జాడ మొదట దొరికింది 1955లో, రాయవేలూరు ప్రాంతంలో. 1999లో ఆంధ్రప్రదేశ్‌ను అది గట్టిగా కుదిపింది. వైరస్ సోకినవాళ్లలో దాదాపు 250 మందిలో ఒకరికే జబ్బు ముదురుతుంది. ముదిరితే మాత్రం పది మందిలో ఇద్దరు ముగ్గురు దక్కరు. దక్కినవాళ్లలో చాలామందికి చెయ్యో, కాలో, మాటో, బుద్ధో దెబ్బతింటుంది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం ఎలుకల మీద చూపించిన సంగతేమిటంటే, న్యూరాన్లను వైరస్ చంపేది కొంతైతే, రెచ్చిపోయిన మైక్రోగ్లియా చిమ్మే రసాయనాలు చంపేది మరికొంత. ఆ రెచ్చుదలను తగ్గించే మినోసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్ ఎలుకల్ని కాపాడింది. మనుషుల్లో పరీక్షించినప్పుడు అంత స్పష్టమైన మేలు కనబడలేదు. కాబట్టి ఇప్పటికి దిక్కు టీకాయే. కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన వైరస్ రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన జెన్‌వాక్ 2013లో వచ్చింది.

ఫిట్స్ సంగతి తీసుకున్నా ఇదే తంతు. మెదడులో పురుగు అని జనం చెప్పుకునే జబ్బు బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోవడం వల్ల వస్తుంది. శుభ్రంగా కడగని ఆకుకూర చాలు, మాంసం ముట్టనివాళ్లకూ రావచ్చు. విచిత్రమేమిటంటే, ఆ పురుగు తిత్తి బతికున్నన్నాళ్లూ రోగనిరోధక కణాల కళ్లుగప్పి ఏళ్ల తరబడి గమ్మున ఉండగలదు. అది చావడం మొదలయ్యాక కణాలు దాన్ని చుట్టుముడతాయి. ఆ వాపుతో ఫిట్స్ మొదలవుతాయి. పురుగును చంపే మందుతోపాటు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇచ్చేది అందుకే. స్కానింగ్‌లో ఇలాంటి ఒంటరి మచ్చ కనిపిస్తే ఒకప్పుడు క్షయ గడ్డేమోనని ఏడాదిపైగా టీబీ మందులు వాడించేవాళ్లు. చాలా మచ్చలు ఈ పురుగువేనని తేల్చి, రెంటికీ తేడా చెప్పే కొలతలిచ్చినవాడు రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ న్యూరోసర్జన్ వేదాంతం రాజశేఖర్. చిత్తూరు జిల్లా జనం రైలెక్కి వెళ్లే ఆసుపత్రి అదే.

ఏ క్రిమీ లేకుండానే మెదడు వాచిపోవచ్చు కూడా. 2009లో న్యూయార్క్ పోస్ట్ పత్రికలో పనిచేస్తున్న ఇరవై నాలుగేళ్ల విలేకరి సుసానా కహలన్‌కు తన పడకలో నల్లులున్నాయని అనుమానం పట్టుకుంది. తర్వాత కన్నీళ్లు, కోపం, నిద్రలేమి, ఫిట్స్. ఆసుపత్రిలో చేరాక ఎవరో తనను కనిపెడుతున్నారన్న భయం. తొలి పరీక్షలు బాగానే ఉన్నాయి. తాగుడు మానేస్తున్నప్పటి లక్షణాలన్నారు ఒకరు, మానసిక వ్యాధి అన్నారు మరొకరు. చివరికి సూహెల్ నజ్జార్ అనే వైద్యుడు ఆమె చేతికి కాగితం, పెన్ను ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు. ఆమె గుండ్రం గీసి, ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలన్నీ కుడివైపు సగంలోనే ఇరికించేసింది. ఎడమ సగం ఖాళీ. మెదడు కుడిభాగం వాచిందని ఆ కాగితం చెప్పింది.

ఆమెకు వచ్చిన జబ్బును నాడీవైద్యుడు జోసెప్ దల్మావ్ గుర్తించి అప్పటికి రెండేళ్లు మాత్రమే. ఎన్‌ఎండీఏ రిసెప్టర్లు అనేవి జ్ఞాపకానికీ ప్రవర్తనకూ కీలకమైన ద్వారాలు. ఒంట్లో తయారైన యాంటీబాడీలు వాటికి అతుక్కుని న్యూరాన్ల మీద నుంచి వాటిని మాయం చేస్తాయి. కొందరు అమ్మాయిలకు అండాశయంలో ఒక రకం గడ్డ ఉంటుంది. అందులో నాడీకణాలు కూడా మొలుస్తాయి. వాటి మీద ఎక్కుపెట్టిన యాంటీబాడీలే మెదడుకు చేటు తెస్తాయి. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్, రక్తంలోంచి యాంటీబాడీలు వడకట్టడం, గడ్డ ఉంటే తీసేయడం ఇందుకు వైద్యం. 577 మంది రోగుల్ని గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో రెండేళ్లకు ఐదింట నలుగురు బాగా కోలుకున్నారు. కహలన్ కోలుకుని మళ్లీ ఉద్యోగంలో చేరి, తన కథను పుస్తకంగా రాసింది.

ఆరోగ్యంగా ఉన్న పదహారేళ్ల పిల్ల ఉన్నట్టుండి పొంతనలేని మాటలు మాట్లాడి, నోరు వంకర్లు తిప్పి, బిగుసుకుపోతే మన ఊళ్లలో మొదట వినిపించే మాట గాలి సోకిందని. వేపమండలతో, దెబ్బలతో వారాలు గడిచిపోతాయి. ఈ జబ్బుకు వైద్యం ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. వెన్నుపాము నీరు తీసి పరీక్షిస్తే యాంటీబాడీ దొరుకుతుంది. పెద్ద నగరాల ల్యాబుల్లో ఈ పరీక్ష ఇప్పుడు చేస్తున్నారు.

మెదడు మిగతా ఒంటితో వేరుపడిన లోకం కాదన్నదానికి ఇంకో సాక్ష్యం 2015లో దొరికింది. ఒంట్లోని వ్యర్థాలనూ రోగనిరోధక కణాలనూ మోసుకుపోయే లింఫ్ నాళాలు మెదడు దగ్గర లేవనే అప్పటిదాకా చదువుకున్నారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆంత్వాన్ లువో ఎలుక మెదడు పైపొరను విడిగా ఒలిచాక రసాయనంలో పెట్టే అలవాటు మార్చాడు. పుర్రె చిప్పకు అంటుకుని ఉండగానే ముందు రసాయనంలో గట్టిపరచి, తర్వాత మెల్లగా ఒలిచాడు. పొర చెక్కుచెదరలేదు. అందులో పెద్ద రక్తనాళాల పక్కనే లింఫ్ నాళాలు బారులు తీరి కనిపించాయి. అదే ఏడాది హెల్సింకీలో కారీ అలిటాలో బృందం కూడా వాటిని చూసింది. పావోలో మస్కాన్యీ అనే ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు 1787లోనే మెదడు పొరల్లో ఇలాంటి నాళాలున్నాయని రాశాడు. రెండు శతాబ్దాలకు పైగా ఆయన మాట ఎవరూ నమ్మలేదు.

ఇమ్యూనిటీ పెంచుతామంటూ కషాయం పొడుల నుంచి బిస్కెట్ల దాకా అమ్ముతున్న రోజులివి. ఈ ప్రకటనలు విన్నప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎక్కడ పెంచుతారు, ఎప్పుడు పెంచుతారు? గొర్రె మెదడు సూదితో కాళ్లు పడిపోయినవాళ్లకు, గడియారంలో సగం ఖాళీ వదిలిన అమ్మాయికి ఇమ్యూనిటీ తక్కువై కాదు జబ్బు వచ్చింది. పోనీ తగ్గించేద్దామా అంటే అదీ కుదరదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో తెల్లకణాలు మెదడులోకి దూరకుండా అడ్డుకునే నటాలిజుమాబ్ మందు 2004లో అమెరికాలో అనుమతి పొందింది. జబ్బు చక్కగా అదుపులోకి వచ్చింది. కానీ నెలల వ్యవధిలో కొందరు రోగుల మెదడులో జేసీ అనే వైరస్ విజృంభించింది. చాలామంది ఒంట్లో అది చడీచప్పుడు లేకుండా ఉండేదే. దాన్ని అణచి ఉంచే కణాలు మెదడులోకి రాకుండా మందు ఆపేసింది కదా! 2005లో మందును వెనక్కి తీసుకున్నారు. రోగులే తమకు అది కావాలని పట్టుబట్టాక, 2006లో గట్టి షరతులతో మళ్లీ వదిలారు. ఇప్పుడు జేసీ వైరస్ యాంటీబాడీ పరీక్ష చేసి, ముప్పు అంచనా కట్టాకే ఇస్తున్నారు.

ఇక కణాలనే మార్చేసే ప్రయత్నం మొదలైంది. సీఎస్ఎఫ్1ఆర్ అనే జన్యువులో లోపముంటే మైక్రోగ్లియా సరిగ్గా నిలబడవు. నడివయసులో మనిషికి నడక, మాట, తెలివి ఒక్కొక్కటే జారిపోతాయి. షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఇలాంటి ఎనిమిది మందికి ఆరోగ్యవంతుల ఎముక మజ్జ ఎక్కించారు. దాత కణాలు మెదడు చేరి మైక్రోగ్లియా స్థానంలో కుదురుకుంటాయన్నది ఆలోచన. రెండేళ్లపాటు చూస్తే వాళ్లలో జబ్బు ముందుకు సాగలేదని 2025లో ప్రకటించారు. మజ్జ మార్పిడి అంటే ముందు మందులతో ఒంట్లో ఉన్న మజ్జను ఖాళీ చేయాలి, ఇన్‌ఫెక్షన్లతో నెలలు పోరాడాలి, దాత కణాలు ఒంటి మీదే తిరగబడే ప్రమాదాన్ని కాచుకోవాలి. అందుకే ప్రస్తుతానికి దీన్ని వేరే దారి లేని ఈ అరుదైన జబ్బు వరకే ప్రయత్నిస్తున్నారు, అల్జీమర్స్ రోగుల దాకా తేలేదు.